ప్రయోగశాల మాంసానికి నూనెగింజల చెక్కే దిక్కు కావచ్చు

కణాల నుంచి పెంచిన కోడిమాంసం అమ్మకానికి సింగపూర్ 2020లో, అమెరికా 2023లో అనుమతించాయి. అమెరికాలో మొదట అనుమతి దక్కిన రెండు సంస్థల్లో ఒకటి విజయవాడలో పుట్టిన ఉమా వలేటి స్థాపించినదే. ఇలాంటి మాంసంపై పరిశోధనకు హైదరాబాద్‌లోని కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి, నగర శివారు చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రానికి కేంద్ర ప్రభుత్వం 2019లో రూ.4.5 కోట్లు ఇచ్చింది. ఇకముందు ఇచ్చే ప్రతి రూపాయీ ముందు ఆ కణాలు పెరిగే పోషక ద్రవానికే వెళ్లాలి.

కారణం పని తీరులోనే ఉంది. జంతువు కండ నుంచి చిన్న ముక్క తీసి, కొల్లాజినేజ్ ఎంజైముతో కణాలు విడదీసి, సన్నని జల్లెడలో వడకడతారు. పూత లేని పళ్లెంలో కాసేపు ఉంచితే ఫైబ్రోబ్లాస్టులనే బంధన కణజాల కణాలు ముందుగా అంటుకుంటాయి. ద్రవంలో తేలేవాటిలో కండర మూలకణాలు ఎక్కువ. వాటిని కొల్లాజెన్ అనే ప్రొటీన్ పూసిన పళ్లేనికి మార్చి, పోషక ద్రవం పోసి, 37 డిగ్రీల వేడిలో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో పెంచుతారు. పళ్లెం నిండకముందే పలచన చేసి వేరే పళ్లేలకు పంచాలి. ఆలస్యమైతే కణాలు ఒకదానికొకటి తగిలి, కలిసిపోయి కండర నాళికలవుతాయి. అలా కలిసినవి మళ్లీ విభజన చెందవు.

ఇన్నాళ్లూ ఈ ద్రవంలో దాదాపు ఐదో వంతు దూడపిండాల సీరమే. వధించిన చూడి ఆవుల గర్భంలోని పిండం నెత్తురు నుంచి దాన్ని తీస్తారు. పశువధ తగ్గిస్తామనే మాంసానికి ఇదే ఆధారం కావడం మాకు సమ్మతం కాదు. పైగా ఒక విడత సీరం మరో విడతలా పనిచేయదు.

టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో సీరం లేని బీఫీ-9 ద్రవం తయారీని ప్రచురించారు. అందులో కీలకం జన్యుమార్పిడితో తయారైన ఆల్బుమిన్ అనే ప్రొటీన్. దాన్ని మొదటి రోజే కలిపితే కణాలు పళ్లేన్ని సరిగా అంటుకోవు, మర్నాడు కలపాలి. ఖర్చులో సింహభాగమూ దానిదే. మరుసటి ఏడాది అదే బృందం ఆల్బుమిన్ బదులు ఆవజాతి గింజల చెక్క నుంచి తీసిన ప్రొటీన్ వాడి, ఆవు కండర కణాలను పెంచగలిగింది.

నూనె తీశాక మిగిలే వేరుశనగ, పొద్దుతిరుగుడు చెక్క మన మిల్లుల దగ్గర పశువుల దాణాకు పోతోంది. వీటి ప్రొటీన్‌నూ అలాగే పరీక్షించాలి. వేరుశనగకు బూజు నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ విషం బెడద ఉంది, కొందరికి అది పడదు కూడా. అందుకే పొద్దుతిరుగుడుతో మొదలుపెట్టాలి. ప్రజాధనంతో తేలిన ద్రవం తయారీ వివరాలను, పనిచేయని పాళ్లతో సహా, అందరికీ తెరిచి ఉంచాలి.