ఆంగ్ల వాక్యంలో సగోత్ర వివాహాలు

"రేపు వాన పడుతుంది" అని తేల్చి చెప్పి, మర్నాడు ఎండ కాస్తే నలుగురిలో తలవంచుకోవలసిన దుస్థితి ఇంగ్లిషు మాట్లాడేవారికి లేదు. వారి వ్యాకరణం క్యాన్, కుడ్, మే, మైట్, విల్, వుడ్, షల్, షుడ్, మస్ట్ అని తొమ్మిది కవచాలను పుట్టుకతోనే వారికి ప్రసాదించింది. కర్ణుడికి సైతం ఒక్కటే ఉండేదన్న సంగతి ఇక్కడ గమనార్హం. క్రియకు ముందు ఈ సహాయక్రియల్లో ఒకదాన్ని తొడిగితే మాట సగం భద్రమవుతుంది. మిగిలిన సగాన్ని కాపాడటానికి పాసిబ్లీ, పర్‌హాప్స్, ప్రాబబ్లీ, సర్టన్లీ, వెల్ వంటి క్రియావిశేషణాలు కొలువులో సిద్ధంగా ఉంటాయి. "ఇట్ మైట్ పాసిబ్లీ రెయిన్" అన్న పెద్దమనిషిని వాన వచ్చినా పట్టుకోలేం, రాకపోయినా పట్టుకోలేం. వస్తే ముందే హెచ్చరించాడు. రాకపోతే, వస్తుందని అతను ఎప్పుడన్నాడు?

ఈ జంటలను కుదిర్చే శాస్త్రం మన పెళ్లిళ్ల శాస్త్రానికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. గోత్రం ఒకటేనని తేలగానే మన పెద్దలు జాతకాలు మడిచి లేచిపోతారు. ఇంగ్లిషులో గోత్రం ఒకటైతేనే కాపురం సజావుగా సాగుతుంది. మే, పాసిబ్లీ రెండూ అనుమాన గోత్రంలో పుట్టినవి. మస్ట్, సర్టన్లీ రెండూ నిశ్చయ గోత్రానివి. ఇలాంటి జంటలను బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జాన్ లయన్స్ 1977లో 'మోడల్లీ హార్మోనిక్' అని పేర్కొన్నారు. మన పురోహితుల మాటల్లో మేళనం కుదిరిందన్నమాట. విశేషమేమిటంటే, మే పక్కన పాసిబ్లీ చేరినంత మాత్రాన అనుమానం రెట్టింపు కాదు, సగంలో సగమై పావలాకు దిగిపోనూ పోదు. ఒకే అనుమానపు పల్లకిని ఇద్దరూ చెరో కొమ్ము పట్టి మోస్తారు. మనం "బహుశా వస్తాడేమో" అన్నప్పుడు 'బహుశా'కూ 'ఏమో'కూ మధ్య నడిచే దాంపత్యమూ ఇదే కాబట్టి, ఈ విషయంలో ఆంగ్లేయులను వేలెత్తి చూపే అర్హత మనకు అంతగా లేదని వినయంగా ఒప్పుకోవాలి.

గోత్రాలు వేరైతే మాత్రం ఎవరి వంట వారిదే. "హీ కుడ్ సర్టన్లీ విన్" అనే వాక్యంలో కుడ్ ఇంట్లో అనుమానం ఉడుకుతూనే ఉంటుంది. సర్టన్లీ మేడ మీద కూర్చుని, గెలిచే అవకాశం ఉన్నమాట నిశ్చయమని ప్రకటిస్తుంది. గెలుపు నిశ్చయమని ఎవరూ అనలేదు. తొందరపాటు శ్రోత సర్టన్లీని మాత్రమే విని చప్పట్లు కొడతాడు, ఎన్నికల ప్రసంగాలు రాసిపెట్టేవారికి కావలసిందీ అదే.

నిశ్చయ గోత్రం సంగతి మరీ విచిత్రం. "హీ ఈజ్ ఎట్ హోమ్" అన్నవాడు ఆ మనిషిని ఇంట్లో చూసి వచ్చాడు. "హీ మస్ట్ సర్టన్లీ బీ ఎట్ హోమ్" అన్నవాడు వీధి మలుపులో నిలబడి, వాకిట్లో చెప్పులు కనబడుతున్నాయి కాబట్టి ఊహిస్తున్నాడు. మస్ట్ ఎంత గట్టిగా బల్ల గుద్దినా, అది లెక్కగట్టి తేల్చినవాడి మాటే. దానికి సర్టన్లీని తోడిచ్చి పంపితే, తన లెక్క మీద తనకే నమ్మకం చాలలేదని బయటపడిపోతుంది. "తప్పకుండా వస్తామండీ" అన్న బంధువులను పక్కనపెట్టి, "బయల్దేరాం" అన్నవారికే ఎసట్లో బియ్యం పోసే మన ఇల్లాళ్లు ఈ సూత్రాన్ని ఏ విశ్వవిద్యాలయానికీ వెళ్లకుండానే గ్రహించారు.

ఇక వెల్ అనే ఇల్లరికపుటల్లుడు ఉన్నాడు. నిఘంటువులో అతని అర్థం 'బాగా'. మే, మైట్, కుడ్ ఇళ్లలో అడుగుపెట్టగానే అవకాశాన్ని ఒక మెట్టు పైకి లేపుతాడు: "షీ మే వెల్ కమ్" అంటే ఆవిడ వచ్చే సూచనలు బాగానే ఉన్నాయని. మస్ట్ గడప మాత్రం తొక్కడు. ఎందుకని అడిగితే అది వాడుక అంటారు. వాడుక అంటే ఊళ్లో ఆచారం లాంటిది, కారణం అడిగినవాడిదే తప్పు. నడుమ ఒక్క 'యాజ్' చొరబడి "వీ మే యాజ్ వెల్ గో" అయిందంటే, అవకాశం మాట పోయి, ఇంతకంటే చేసేదేముంది, పోదాం పద అనే నిట్టూర్పు మిగులుతుంది.

కేకు రెండో ముక్క ఇవ్వబోతే "ఓ, ఐ కుడ్‌న్ట్ పాసిబ్లీ" అనే అతిథి, అక్షరార్థంలో చూస్తే, అది ఏ విధంగానూ సాధ్యం కాదని ప్రమాణం చేస్తున్నాడు. పళ్లెం మాత్రం చాచిన చోటే ఉంటుంది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, వేళ్ల సందుల్లోంచి పాయసం దిగేటంత ఖాళీ వదిలే మనవారికి దీన్ని అనువదించి చెప్పనక్కర్లేదు. స్థానబలం కూడా చూడాలి. "ఐ రియల్లీ కాంట్ సే" అంటే చెప్పడం నావల్ల కానే కాదని. అదే రియల్లీని కాంట్ అవతలికి జరిపి "ఐ కాంట్ రియల్లీ సే" అంటే, ఇదమిత్థమని చెప్పలేనని నసగడం.

ఇదంతా టీ బల్లల దగ్గరి ముచ్చట అనుకుంటే పొరపాటు. యుగోస్లావియా మీద 1951లో దాడి జరగడాన్ని 'సీరియస్ పాసిబిలిటీ'గా పరిగణించాలని, షుడ్ తగిలించి మరీ, అమెరికా గూఢచార సంస్థ సీఐఏ ఆ ఏడాది ఒక అంచనాలో రాసింది. ఆ మాటకు మీ లెక్కలో విలువెంత అని విదేశాంగ శాఖ అధికారి ఒకరు, అంచనాల బృందంలో ఉన్న షెర్మన్ కెంట్ అనే పూర్వపు చరిత్ర ఆచార్యుడిని అడిగారు. జరిగే వైపు 65, జరగని వైపు 35 అని కెంట్ జవాబిచ్చారు. అధికారి ఉలిక్కిపడ్డారు, ఆయన అంతకంటే చాలా తక్కువ అనుకున్నారు. కెంట్ కలతపడి సహచరులను విచారిస్తే, వారి లెక్కలు 20 నుంచి 80 దాకా పలికాయి. అందరూ తలపండిన ఆ మేధావులు వాక్యాన్ని ఆమోదించారు గానీ, ఎవరి అర్థాన్ని వారు జేబులో పెట్టుకుని ఆమోదించారు. దాడి జరగలేదు. అంచనా తప్పిందని మాత్రం ఎవరూ అనలేకపోయారు, ఎందుకంటే అది జరుగుతుందని ఎక్కడా అనలేదు.

కెంట్ 1964లో ప్రచురించిన వ్యాసంలో మాటలకు అంకెలు కట్టారు: 'ఆల్మోస్ట్ సర్టన్' అంటే నూటికి 93, ఆరు అటూఇటూగా, 'ప్రాబబుల్' అంటే 75, పన్నెండు అటూఇటూగా. అంకెలు కావాలనేవారిని ఆయన గణితజ్ఞులన్నారు, మాటలు చాలుననేవారిని కవులన్నారు. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందమైన ఐపీసీసీ నివేదికలు గణితజ్ఞుల పక్షం వహించి, 'లైక్లీ' అంటే కనీసం 66 శాతమని, 'వెరీ లైక్లీ' అంటే కనీసం 90 శాతమని కట్టుబడ్డాయి. ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ కవుల పాలనే అప్రతిహతంగా సాగుతున్నది.

ఈ వ్యాసం శుక్రవారానికి అందుతుందా అని సంపాదకులు అడిగినప్పుడు, "ఇట్ షుడ్ వెరీ ప్రాబబ్లీ రీచ్ యూ" అని నేనూ ఒక కవితా పాదం పంపాను. ఆయన పూర్వాశ్రమంలో లెక్కల మాస్టారట. ఈ స్థలానికి సరిపడే ప్రకటన ఒకటి అప్పుడే మాట్లాడి పెట్టుకున్నారు.