ఫొటో చూసి హౌస్‌బోట్‌కు డబ్బు కట్టకండి

సంక్రాంతి సెలవులకు కేరళలోని అలెప్పీ పోతున్నాం, రాత్రి నీళ్ల మీదే ఉండటానికి ఏ హౌస్‌బోట్ తీసుకోవాలి అని ఈ వారంలో ముగ్గురు అడిగారు. అందరికీ ఒకేసారి ఇక్కడే రాస్తున్నా.

దర్శనం టికెట్ల కోసం దళారులకు డబ్బు ఇవ్వొద్దని వచ్చేపోయే భక్తులకు మన తిరుపతివాళ్లమే చెబుతుంటాం. అలాంటిది పోయినేడాది ఫోన్‌లో వచ్చిన ఆరు ఫొటోలు చూసి నేను మొత్తం డబ్బు ముందే కట్టేశాను. జెట్టీకి పోతే ఆ బోటు లేదు. "అది రిపేరుకు పోయింది సార్, ఇదీ అలాంటిదే" అన్నారు. ఎక్కడ అలాంటిది? అమ్మానాయన పడుకున్న గది కిటికీ పక్కనే జనరేటర్. డీజిల్ వాసనకు అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, మంచం మీద కూర్చునే తెల్లవార్చింది. నాకు ఆ కోపం ఇంకా చల్లారలేదు.

కాబట్టి బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు వాట్సాప్‌లో రాసి పంపమనండి. గదులు, బాత్రూమ్, జనరేటర్ ఉన్న చోటు కనబడేలా వీడియో తీసి పంపమనండి. ఇవ్వం అంటే వదిలేయండి, అక్కడ బోట్లకు కొదవ లేదు.

తర్వాత గంటల లెక్క. మధ్యాహ్నం 12కి ఎక్కి మర్నాడు ఉదయం 9కి దిగడం అక్కడ మామూలు పద్ధతి. 21 గంటలూ నీళ్ల మీద తిరుగుతామని మనం అనుకుంటాం. చేపలు పట్టేవాళ్లు రాత్రి వలలు వేసుకోవాలి కదా, అందుకని సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో బోటును గట్టుకు కట్టేస్తారు. అది న్యాయమే, తప్పు పట్టను. కానీ ఎక్కడ కడతారో ముందే అడగండి, మాకైతే పొద్దుగూకే వేళ ఎదురుగా ఇంకో బోటు వెనకభాగం తప్ప ఏమీ కనబడలేదు. ఏసీ కూడా చాలా బోట్లలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకే.

పాతకాలం పడవే కావాలంటే రెండంతస్తుల పార్టీ బోట్ల జోలికి పోకండి. ఒకటి రెండు గదుల కెట్టువళ్లం అడగండి. కెట్టు అంటే మన 'కట్టు' లాంటిదే, వళ్లం అంటే పడవ. ఒకప్పుడు అలెప్పీ చుట్టుపక్కల కుట్టనాడు ప్రాంతం వడ్లను కొచ్చికి మోసినవి ఇవే. మా బోటు నడిపిన సరంగు మంచివాడు, పొద్దున్నే చాపలు పక్కకు లాగి చెక్కల మధ్య కుట్టు చూపించాడు. ఒక్క మేకు లేదు, పలకకూ పలకకూ మధ్య పీచు పెట్టి కొబ్బరి తాడుతో బిగించి కుట్టారు. నాయన దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడిపోయాడు.

లైఫ్ జాకెట్లు మనిషికొకటి ఉన్నాయా, పిల్లల సైజువి ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడకండి. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి ఏం జరిగిందో మనకు తెలుసు. 2023 మేలో కేరళలోనే తానూర్‌లో కిక్కిరిసిన బోటు మునిగి 22 మంది పోయారు. లెక్కకు మించి ఎక్కిస్తుంటే డబ్బు పోయినా సరే, దిగిపోండి.

ఇంకొకటి, మన తిరుపతి, చిత్తూరు మీదుగా పోయే కేరళ ఎక్స్‌ప్రెస్ కొట్టాయంలో ఆగుతుంది. అక్కడికి దగ్గరే కుమరకం, అలెప్పీ బోట్లు తిరిగే వెంబనాడ్ సరస్సే అక్కడా ఉంది. బోటు అక్కడే ఎక్కొచ్చు, పెద్దవాళ్లతో అలెప్పీ దాకా పోనక్కర్లేదు.

ఫిబ్రవరిలో అమ్మానాయనను మళ్లీ తీసుకుపోతున్నా, కుమరకం నుంచి రెండు గదుల బోటు. జనరేటర్ గదులకు దూరంగా వెనక చివర ఉన్నట్టు వీడియో వచ్చాకే సగం డబ్బు పంపాను.