ఫ్రెష్ ఇన్‌స్టాల్ అనే కుట్ర

ఈమధ్య ఎవరికన్నా కంప్యూటర్ స్లో అయిందని చెప్తే చాలు, ఒకటే మాట. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్క్ వేసుకో, విండోస్ ఫ్రెష్‌గా ఎక్కించు, పాత చెత్తంతా పోద్ది అంటారు. నేను దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నా. మా చెత్త పోవాలో ఉండాలో చెప్పడానికి అసలు మీరెవరు? మనోళ్లు ఇల్లు మారేటప్పుడు చూడండి, పగిలిన బిందె, మూతలేని ఊరగాయ జాడీ, పదేళ్ల కిందట కాలిపోయిన మిక్సీ మోటారు, అన్నీ ఆటోలో ముందు కూర్చుంటాయి, మనుషులు వెనకాల బండి మీద పోతారు. కొత్తింట్లో పాలు పొంగేది ఆ మిక్సీ సాక్షిగానే. పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టు కొత్త డిస్క్‌లోకి దించడం, దాన్నే ఇంగ్లీషోళ్లు డిస్క్ క్లోనింగ్ అన్నారు, పేరు ఒక్కటే వాళ్లది.

ఇంకా మాట్లాడితే పార్టిషన్లు (ఒకే డిస్క్‌ని భాగాలుగా విడగొట్టడం), క్లోన్లు మన పక్క కొత్తగా ఎవరో వచ్చి నేర్పేవి కావు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు అనే మూడు డిస్కుల్ని తలా కొంచెం ష్రింక్ చేసి ఒంగోలు జిల్లా అని కొత్త పార్టిషన్ కట్టారు, 1972లో దానికి ప్రకాశం అని లేబుల్ మార్చారు, 2022లో కందుకూరుని తీసి నెల్లూరులో కలిపారు. కందుకూరులో ఒక్క ఫైలన్నా పోయిందా? డ్రైవ్ లెటర్ మారింది, అంతే, ఎండతో సహా ఒక్క బైటు తగ్గకుండా వచ్చేసింది. ఒంగోలు గిత్తల సంగతైతే చెప్పక్కర్లా. ఎప్పుడో ఓడలెక్కి బ్రెజిల్ పోయినాయి, ఇప్పుడు ఆడ కోట్లలో ఉన్నాయి, పేరు నెలోర్. మన నెల్లూరే. స్పెల్లింగ్‌లో ఒక ఎల్ మాత్రం కాపీ అవలేదు, దార్లో బ్యాడ్ సెక్టార్ తగిలుంటది.

ఇంత చరిత్ర ఉన్నోళ్లం కాబట్టే నెల్లూరు జిల్లా కోవూరులో పురుగుమందుల షాపు పెట్టుకున్న మా మామ ఎస్‌ఎస్‌డీ మాట ఎత్తగానే ఒకటే షరతు పెట్టాడు. "అబ్బయా, నువ్వేం చేస్తావో నాకు తెల్దు, నా బొమ్మలన్నీ యాడున్నయ్యో ఆడే ఉండాల."

బొమ్మలంటే డెస్క్‌టాప్ మీద ఐకాన్లు. వాల్‌పేపర్ మీద వెంకటేశ్వర స్వామి ఉన్నాడంట, నేనెప్పుడూ చూడలా, కిరీటం దగ్గర్నించి పాదాల దాకా ఐకాన్లే, న్యూ ఫోల్డర్ నుంచి న్యూ ఫోల్డర్ 37 దాకా వరసగా. ఏ ఫోల్డర్లో ఏముందో మామకి నోటికొచ్చు. 14లో యూరియా స్టాకు, 22లో అత్త బంగారం రసీదుల ఫొటోలు, 31లో ఏం లేదు, కానీ తీసేస్తే ఒప్పుకోడు, 30కీ 32కీ మధ్యన ఖాళీ వస్తదంట.

ఆ కంప్యూటర్ ఆన్ చేయడం కూడా ఒక పూజ. పొద్దున్నే షట్టర్ ఎత్తి బటన్ నొక్కుతాడు, చీపురు పట్టి షాపంతా ఊడుస్తాడు, నీళ్లు చల్లుతాడు, అగరొత్తి వెలిగిస్తాడు, ఎదురుగా టీ బంకుకి పోయి టీ తాగొస్తాడు, అప్పటికి విండోస్ చుక్కలు తిరగడం ఆగి టాస్క్‌బార్ కనపడతది. లోపల పాపం హార్డ్ డిస్క్ పళ్లేలు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంటే వాటి మీద తల అటూ ఇటూ పరిగెత్తి ఒక్కో ముక్క ఏరుకొస్తా ఉంటది, టిక్కు టిక్కు మని. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది లేదు, పరిగెత్తేది లేదు, అడిగింది అడిగినట్టు ఇస్తది. ఇది చెప్తే మామ అన్నాడు, కదలకుండా పని చేసేవాడిని నేనింతవరకు చూళ్లేదు అని.

480 జీబీది కొనమంటే 240ది తెచ్చాడు. పెట్టి చూస్తే విండోస్ 223 అనే చూపించింది. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తది, మోసం ఏం లేదు అని చెప్పబోయా. మామ చెయ్యి అడ్డం పెట్టి "తరుగు" అన్నాడు, అంతే. పుట్టి వడ్లంటే 850 కిలోలని చిన్నపిల్లోడికి కూడా తెలిసిన జిల్లాలో తరుగు గురించి నేను వివరించేదేంది.

పాత డిస్క్‌లో వాడింది 310. కాబట్టి ఒక తొంభై, వంద జీబీ దించాలి. తీసేద్దాం అన్న మాట వాడకూడదని మా అత్త ముందే హెచ్చరించింది, పక్కన పెడదాం అనాలంట. కూతురు పెళ్లి వీడియో నాలుగు చోట్ల దొరికింది, పెళ్లి, పెళ్లి కాపీ, పెళ్లి ఫైనల్, పెళ్లి ఫైనల్ కాపీ. నాలుగూ ఒకటే. నాలుగూ పక్కన పెట్టాం, నా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, నాలుగూ. అదేందిరా ఒకటి చాలదా అనేవాళ్లు పెళ్లి చేసి చూడండి.

క్లోన్ చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ క్లోన్‌జిల్లా ఫ్రీనే, కానీ కట్టుబాట్ల మనిషి. పెద్ద డిస్కు చిన్న డిస్క్‌లో ఎక్కదు, ముందు సీ డ్రైవ్‌ని తగ్గించుకోని రా అంటది. తగ్గిద్దామని పోతే ష్రింక్ అవలా, ఎందుకంటే పేజ్‌ఫైల్, హైబర్నేషన్ ఫైల్ అని విండోస్ తన కోసం పెట్టుకునే రెండు పెద్ద ఫైళ్లు డిస్క్ మధ్యలో కూర్చోనున్నాయి, వాటిని విండోస్ జరపదు. మొదటి బంతిలో భోంచేసి, రెండో బంతి వాళ్లు వెనక నిలబడినా విస్తరి ముందు నుంచి లేవని పెద్దమనుషులుంటారే, సరిగ్గా అట్టాంటోళ్లు. రెండిట్నీ ఆఫ్ చేసి, రీస్టార్ట్ చేసి, బతిమాలితే లేచారు. తర్వాత ఎటూ వాళ్లని మళ్లీ పిలిచి కూర్చోబెట్టాల్సిందే, అది వేరే విషయం.

ఇక్కడ నా తప్పు ఒకటుంది, కాలమ్ రాసేవాడికి తప్పులుండవు కాబట్టి దీన్ని అనుభవం అందాం. పాత డిస్క్‌లో సీ డ్రైవ్ కాకుండా ఈఎఫ్‌ఐ అని ఒక పార్టిషన్ ఉంది, 100 ఎంబీ. వందల జీబీల మధ్య వంద ఎంబీ ఏం పీకుద్దిలే అని దాన్నొదిలేసి సీ ఒక్కటే క్లోన్ చేశా. ఎస్‌ఎస్‌డీని క్యాబినెట్ లోపల రబ్బరు బ్యాండుతో కట్టి (తిరిగేది లేదు కాబట్టి స్క్రూల అవసరం లేదు, మా ఊళ్లో మామూలే) ఆన్ చేశా. వచ్చింది. టీ తాగొచ్చేంతసేపటికి వచ్చింది! మామ నా వైపు చూసిన చూపులో ఎస్‌ఎస్‌డీ ఖరీదు మొత్తం ఉంది. సంగతేందంటే అది లేచింది పాత డిస్క్ నుంచే, కొత్తది ఊరికే పక్కన నిలబడింది. పాతదాని కేబుల్ పీకి మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర, బూటబుల్ డివైస్ లేదంట.

ఆ వంద ఎంబీలోనే బూట్ ఫైలు ఉంటది, సీ డ్రైవ్ ఎంత పెద్దదైనా అది చెయ్యి పట్టి లేపితేనే లేచేది. ఆఫీసుల్లో చూడలా మనం, పెద్ద సారు గది నిండా ఉంటాడు, తాళాలు మాత్రం అటెండర్ జేబులో. సరే, మళ్లీ మొదట్నించి, ముందు ఫ్యాట్32లో 100 ఎంబీ ఈఎఫ్‌ఐ, దాని పక్కన సీ, చివర్న బూట్ ఫైళ్లు రాసిపెట్టే బీసీడీబూట్ అని ఒకే ఒక్క కమాండ్. తెల్లారుజామున మూడయింది.

పొద్దున మామ షట్టర్ ఎత్తి, బటన్ నొక్కి, చీపురు అందుకునేలోపు స్వామి పాదాల దగ్గర ఐకాన్లు వచ్చేశాయి. ఇరవై సెకన్లు కూడా పట్టలా. మామ చీపురు పట్టుకోని అట్నే నిలబడిపోయాడు. ఇంత బిరీన వచ్చిందంటే సగమే వచ్చుంటదని కుర్చీ లాక్కోని కూర్చోని ఒకటి నుంచి 37 దాకా ప్రతి ఫోల్డర్ తెరిచి చూసుకున్నాడు, ఖాళీగా ఉన్న 31తో సహా. ఈ తనిఖీ అయ్యేసరికి ముప్పావు గంట. షాపు ఊడ్చలా, అగరొత్తి వెలిగించలా, టీ బంకు ఆయన ఇటొచ్చి ఒంట్లో బాలేదా అని అడిగిపోయాడు.

పాత డిస్క్‌ని పారెయ్యమని నేను అన్లేదు, వారం రోజులు కొత్తది బాగా నడిచేదాకా దాన్ని ఫార్మాట్ చెయ్యొద్దు మామా, ఏదన్నా అయితే అదే దిక్కు అని మాత్రం చెప్పా. వారం ఎందుకు, ఎప్పటికీ చెయ్యను అని పసుపు గుడ్డలో చుట్టి గల్లాపెట్టెలో పెట్టాడు. మధ్యాన్నం బిల్లు కొట్టించుకుందామని పోయి చూస్తే డెస్క్‌టాప్ మీద, స్వామి ఎడమ భుజం దగ్గర ఇన్నాళ్లూ మిగిలిన ఆ కాస్త జాగాలో, న్యూ ఫోల్డర్ 38 ఉంది. ఏంది మామా ఇందులో అంటే, "పాత డిస్క్ ఎక్కడ పెట్టానో రాసుకున్నాలేబ్బయా" అన్నాడు.