పాత కారు అమ్మకం: కొన్న రేటు పక్కన పెట్టి లెక్క మొదలెట్టండి

సెకండ్ హ్యాండ్ కారు అమ్మకానికి పెట్టేటప్పుడు చాలామంది కొన్ననాటి ఆన్‌రోడ్ ధర గుర్తు చేసుకుంటారు. అందులోంచి ఏడాదికి ఇంతని తీసేస్తారు. బేరంలో ఎలాగూ తగ్గించాలి కదా అని ఓ యాభై వేలు పైన వేస్తారు. మొదటిది జ్ఞాపకం, చివరిది భయం. కారు విలువకు రెండింటితోనూ సంబంధం లేదు. అలా పెట్టిన బండి నెలల తరబడి ఇంటి ముందే ఉంటుంది, చివరికి విసుగొచ్చి న్యాయమైన ధర కంటే తక్కువకే ఇచ్చేస్తారు.

ఆరేళ్ల కింద మీరెంత పెట్టారన్నది కొనేవాడికి అనవసరం. అదే మోడల్ ఇవాళ కొత్తది ఎంతకొస్తుందో మాత్రం వాడికి కచ్చితంగా తెలుసు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారినప్పుడు ఈ సంగతి బాగా కనిపించింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోల్ కార్ల మీద సెస్‌తో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18 శాతానికి దిగింది. షోరూమ్‌లో 8 లక్షలున్న కారు, తగ్గింపు మొత్తం ఇస్తే, 7.32 లక్షలకు వచ్చింది. కొత్తది 68 వేలు దిగితే, దాని ధరలో సగం పలికే పాత కారు కూడా ఆ లెక్కన 34 వేలు దిగాలి. ఇందులో మీ తప్పేం లేదు, మీ బండి తప్పూ లేదు. అయినా ఆ 34 వేలు పోయినట్టే.

లైఫ్ ట్యాక్స్ సంగతీ అంతే. దాని ఫలితం కొత్త ఓనర్‌కు అందుతుంది, నిజమే. కానీ మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ అయిన ప్రతి కారుకూ అది కట్టే ఉంటుంది కాబట్టి మీకు ప్రత్యేకంగా కలిసొచ్చేదేం లేదు. బండి వేరే రాష్ట్రం నంబర్‌తో ఉంటే మాత్రం కొనేవాడు ఇక్కడ పన్ను కట్టాలి. అది మీ ధరలోంచే పోతుంది.

ఇన్సూరెన్స్ పాలసీలో ఉండే ఐడీవీని అమ్మకం ధర అనుకోవడం ఇంకో పొరపాటు. బండి దొంగతనానికి పోతేనో, టోటల్ లాస్ అయితేనో బీమా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అది. ఏడాది దాటి రెండేళ్లలోపు అయితే 20 శాతం, నాలుగు దాటి ఐదేళ్లలోపు అయితే 50 శాతం తరుగు కోసే పట్టిక ప్రకారం దాన్ని లెక్కిస్తారు. మీ బండి ఎలా ఉందో ఆ పట్టికకు తెలియదు. ‘ఇంకా ఎనిమిది నెలల ఇన్సూరెన్స్ ఉంది’ అని దానికి రేటు కట్టేవాళ్లూ ఉన్నారు. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే రాయితీ, అంటే నో క్లెయిమ్ బోనస్, ఓనర్‌ది, కారుది కాదు. పాలసీ పేరు మారేటప్పుడు ఆ రాయితీ తేడా కొత్త ఓనర్ కట్టుకోవాలి.

మరి న్యాయమైన ధర ఎక్కడ దొరుకుతుంది? ఒక ఉదాహరణ వేసుకుందాం. 2019 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఫస్ట్ ఓనర్, 60 వేల కిలోమీటర్లు. అదే ఏడాది, అదే వేరియంట్ ప్రకటనలు మీ ఊళ్లో 4.40 నుంచి 4.90 లక్షల దాకా ఉన్నాయనుకోండి. అవి అడుగుతున్న రేట్లు, అమ్ముడైన రేట్లు కావు. వారాల తరబడి కదలని పెద్ద రేట్లను వదిలేస్తే 4.50 దగ్గర నిలబడొచ్చు. కన్సల్టెన్సీ వాళ్లో, ఆన్‌లైన్‌లో కొనే కంపెనీయో 3.70 ఇస్తామంటారు. వాళ్లు రిపేర్లు చేయించాలి, లాభం చూసుకోవాలి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ లాభం మీద 18 శాతం పన్ను కట్టాలి. అందుకని అది అంతకు కిందికి దిగక్కర్లేని కనీస రేటు. మీరు సొంతంగా అమ్ముకుంటే ఆ పన్ను మీకు ఉండదు.

ఇప్పుడు బండి చుట్టూ తిరిగి చూడండి. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైంది. నాలుగూ అవే అయితే టైర్లు మార్చే వయసు వచ్చింది, 20 వేలు తీసేయండి. ముందు బంపర్ పెయింటింగ్‌కు పది వేలు. మిగిలింది 4.20. చెప్పాల్సిన రేటు 4.30, అంతకు మించి వద్దు. సీట్ కవర్లు, మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ కెమెరాకు మీరు పెట్టిన డబ్బు ఈ లెక్కలోకి రాదు. షోరూమ్ సర్వీస్ రికార్డు మాత్రం వస్తుంది. మీటర్ తిప్పారేమో అన్న అనుమానాన్ని తీర్చేది ఆ కాగితాలే. అవి లేకపోతే కొనేవాడు అన్నిటికన్నా చెడ్డదే ఊహించుకుని బేరమాడతాడు.

నా పట్టుదల ఒక్క విషయంలో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి. ఇళ్ల ముందున్న కార్లలోకీ నీళ్లు వెళ్లాయి. అలాంటి బండిని కడిగి, మ్యాట్‌లు మార్చి, ఏం జరగనట్టు మామూలు రేటుకు అమ్మడం మోసం. వైరింగ్‌లో తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది, అప్పుడు నష్టం ఇంకెవరి కుటుంబానిదో. మునిగిందనీ, ఏమేం మార్పించారో, బిల్లులు ఎక్కడున్నాయో ముందే చెప్పి ధర గట్టిగా తగ్గించండి. తెలిసే కొనేవాళ్లు దొరుకుతారు.

రేటు కుదిరాక కూడా ఒక లెక్క ఉంటుంది. పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టిచ్చేస్తే చాలు, పేరు తర్వాత మార్చుకుంటాం అని పది వేలు ఎక్కువ ఇస్తామనేవాళ్లు వస్తారు. చట్టం ప్రకారం రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఓకు తెలపాల్సింది మీరే. ఆర్‌సీలో పేరు ఎవరిదుంటే ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆ పది వేలు వదులుకుని, మీతోపాటు స్లాట్ బుక్ చేసుకుని పేరు మార్పించుకునే వాళ్లకే బండి ఇవ్వండి.