కాటా దగ్గర వదిలేసి, హైవే మీద పట్టుకుంటే?

2025 నవంబరు 3 ఉదయం చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఒకటి తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. టిప్పర్‌లోని కంకర బస్సులోకి కుమ్మరించుకుపోయింది. 19 మంది చనిపోయారు. కంకర కింద కూరుకుపోయిన వాళ్లను బయటికి తీయడానికి జేసీబీలు తెప్పించాల్సి వచ్చింది.

ఆ తర్వాత జరగాల్సిన తంతు జరిగింది. రవాణా శాఖ తనిఖీలు ముమ్మరం చేసింది. ఓవర్‌లోడ్ బండ్లు సీజ్ అయ్యాయి. అంతకు రెండు వారాల లోపే తెలంగాణ ప్రభుత్వం రవాణా చెక్‌పోస్టులను మూసేసి ఉండటంతో, 'చెక్‌పోస్టులు తీసేశారు కాబట్టే ఇలా అయింది' అనే మాట కూడా వినిపించింది. ఈ వాదన నిలబడదు. చెక్‌పోస్టులు ఉండేది రాష్ట్రాల సరిహద్దుల్లో. రాళ్లు పగలగొట్టి కంకర చేసే క్రషర్ల టిప్పర్లు తిరిగేది ఎక్కువగా జిల్లా లోపల, మహా అయితే పక్క జిల్లా దాకా. పైగా చెక్‌పోస్టుల్లో ఏం జరిగేదో ఏసీబీ సోదాల్లో దొరికిన లెక్కల్లేని డబ్బే చెప్పింది. అవి మూతపడినందుకు బాధపడాల్సిన పనేమీ లేదు. అయితే మూసేశాక వాటి బదులు ఏం పెట్టాలన్నది ఎవరూ గట్టిగా అడగలేదు.

చట్టం బలహీనంగా ఉందా అంటే, లేదు. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు ఓవర్‌లోడ్ జరిమానాను 2,000 నుంచి 20,000 రూపాయలకు పెంచారు. పైన పడే ప్రతి అదనపు టన్నుకూ మరో 2,000. అధికారి ఆపమన్నా ఆపకుండా, తూకానికి రాకుండా వెళ్లిపోతే 40,000. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో ఈ రేట్లతోనే జీవో ఇచ్చింది, లారీ యజమానుల సంఘాలు గగ్గోలు పెట్టాయి కూడా. పది టైర్ల బండికి మొత్తం బరువు పరిమితి 28.5 టన్నులు. అది 38.5 టన్నులతో దొరికితే సెక్షన్ 194 లెక్కన కట్టాల్సింది 40,000. మామూలు టిప్పర్ యజమానికి ఇది చిన్న మొత్తమేమీ కాదు.

కానీ ఆ లెక్క వర్తించాలంటే ముందు బండి దొరకాలి, తర్వాత తూకం పడాలి. అసలు చిక్కంతా అక్కడే. సెక్షన్ 114 ప్రకారం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనుమానం వచ్చిన లారీని కాటాకు, అంటే బండిని తూచే చోటుకు, తీసుకెళ్లమనొచ్చు. అయితే ఆ కాటా బండి వెళ్లే దారిలో పది కిలోమీటర్ల లోపు ఉండాలి, లేదా దిగాల్సిన చోటుకు ఇరవై కిలోమీటర్ల లోపు ఉండాలి. తెల్లవారుజామున నాలుగింటికి, జిల్లా రోడ్డు మీద, ఒక జీపు, ఇద్దరు ముగ్గురు సిబ్బంది. కాటా దొరికిందే అనుకుందాం. బరువు ఎక్కువుందని తేలితే అదనపు సరుకు దించే దాకా బండి కదలకూడదని చట్టం. పది టన్నుల కంకర ఎక్కడ దించుతారు? రోడ్డు పక్కన పోస్తే మరో ప్రమాదానికి దారి. ఇంకో టిప్పర్ తెప్పించాలంటే అర పూట పోతుంది. అందుకే చలానా రాసి, అదే లోడుతో అదే రోడ్డు మీద పంపించేయడం అలవాటైపోయింది. అంటే ప్రమాదకరమైన బండిని పట్టుకుని, డబ్బు తీసుకుని, ప్రమాదాన్ని మళ్లీ రోడ్డెక్కిస్తున్నామన్నమాట. రసీదు ఉన్నా లేకపోయినా ఎదురుగా వచ్చే బస్సుకు తేడా ఏముంటుంది?

ఇదే లోడును మూడు గంటలు వెనక్కి తీసుకెళ్లి చూడండి. క్రషర్‌లో లోడరు బకెట్‌తో ఎత్తి పోస్తున్నాడు. టిప్పర్ డబ్బా అంచుల మీద అడుగు ఎత్తున ఇనుప రేకులు వెల్డింగ్ చేసి ఉన్నాయి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఆ రేకులు లేవు. బండి కాటా ఎక్కుతుంది. కంప్యూటర్ తెర మీద ఖాళీ బరువు, నిండు బరువు, నికర బరువు పడతాయి. చీటీ ప్రింటవుతుంది. ఒక కాపీ డ్రైవర్‌కు, ఒకటి ఆఫీసుకు. గనుల శాఖ రవాణా పర్మిట్ మీద కూడా టన్నులు రాసుంటాయి. ఈ రెండు కాగితాల్లో అంకెలు ఒకటే కానప్పుడు ఏం జరుగుతోందో అక్కడున్న అందరికీ తెలుసు. తక్కువ టన్నులకు ప్రభుత్వానికి రాయల్టీ కట్టి, ఎక్కువ టన్నులు పంపడం ఈ వ్యాపారంలో రహస్యం కాదు.

అంటే నేరం జరిగే చోటు ఒకటే, అది కదలదు, దానికి లైసెన్సుంది, కరెంటు మీటరుంది, కాటా ఉంది, రికార్డుంది. ఆ చోటును వదిలేసి, దాని గేటు దాటి నాలుగు దిక్కులకూ పోయే వందల బండ్లను రాత్రిళ్లు రోడ్ల మీద వెతుకుతున్నాం. ఇది సిబ్బంది కొరత అనుకోవడం పొరపాటు. సిబ్బందిని రెట్టింపు చేసినా చెరువుకు గండి పడ్డ చోట కాకుండా కాలువ గట్ల మీద కాపలా పెట్టినట్టే ఉంటుంది.

క్రషర్‌ను పట్టుకోవడానికి చట్టంలో దారి లేదా? సెక్షన్ 194 బండి నడిపినవాడినే కాదు, నడిపించినవాడినీ, నడపనిచ్చినవాడినీ కలిపే చెబుతోంది. డ్రైవర్ యజమాని కానప్పుడు, ఓవర్‌లోడ్ యజమానికి తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చని సెక్షన్ 113 అంటోంది. ఇక డబ్బాకు రేకులు వెల్డింగ్ చేయడం సెక్షన్ 52కు విరుద్ధం. దీన్ని పట్టుకోవడానికి కాటా కూడా అక్కర్లేదు, కొలత టేపు చాలు. అయినా ఆచరణలో భారం ఎవరి మీద పడుతోంది? సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015లో ఓవర్‌లోడ్ సరుకు బండ్ల విషయంలో లైసెన్సును కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయమంది. ఉద్దేశం మంచిదే. కానీ సస్పెండయ్యేది డ్రైవర్ లైసెన్సు. ఎంత లోడు వేయాలో అతను నిర్ణయించడు. 'ఇంత వద్దు' అంటే రేపటి నుంచి ఆ సీటులో ఇంకొకడుంటాడు.

ఈ మధ్య అందరూ టెక్నాలజీ అంటున్నారు. బీహార్, ఒడిశా లాంటి రాష్ట్రాల్లో టోల్ గేట్ల కెమెరాలతో నంబరు ప్లేటు చదివి, బండికి ఇన్సూరెన్స్ లాంటి కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, లేకపోతే దానంతటదే చలానా పంపుతున్నారు. మంచిదే, మనిషి చేతికి అవకాశం తగ్గుతుంది. కానీ కెమెరా చూసేది కాగితాన్ని. బ్రేకు లైనింగ్ అరిగిందో లేదో, డ్రైవర్ ఎన్ని గంటలుగా నిద్రపోలేదో దానికి కనిపించదు. టోల్ గేట్లలో చాలాచోట్ల బండి కదులుతుండగానే బరువు చూసే యంత్రాలున్నాయి. ఆ బరువు అదనపు రుసుము వసూలుకు పనికొచ్చినంతగా ఆ లోడు ఎక్కడిదని ఆరా తీయడానికి పనికి రావడం లేదు.

ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) సంగతి కొంత మెరుగుపడే అవకాశం ఉంది. ఎనిమిదేళ్ల లోపు సరుకు బండికి రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష. ఎఫ్‌సీ రోజుకు మంచి టైర్లు బిగించి, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించి, మర్నాడు పాత టైర్లు వేసుకునే వాళ్ల గురించి ఏ లారీ అడ్డాలో అడిగినా నవ్వుతూ చెబుతారు. భారీ వాహనాలను ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలోనే పరీక్షించాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి రావాల్సింది, 2024 అక్టోబరుకు వాయిదా పడింది. రోలర్ల మీద చక్రం తిప్పి బ్రేకు ఎంత పట్టు పడుతుందో యంత్రమే కొలుస్తుంది కాబట్టి, కంటి చూపుతో పాస్ చేసే రోజులు తగ్గాలి. టిప్పర్లు, ట్యాంకర్లు గంటకు 60 కిలోమీటర్లు దాటకుండా స్పీడ్ గవర్నర్ ఉండాలన్న 2015 నాటి నిబంధనకు మాత్రం ఎఫ్‌సీ రోజు టైర్ల గతే. పరీక్ష రోజు పనిచేస్తే చాలు, బయటికొచ్చాక వైరు పీకితే అడిగేవాడు లేడు.

ఇక అసలు ఎవరూ ముట్టుకోనిది డ్రైవర్ నిద్ర. డ్రైవర్ పని గంటలు 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం ఉండాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 91 చెబుతూ వచ్చింది. ఆ చట్టంలో ఉన్నది రోజుకు 8 గంటలు, వారానికి 48. అది 2025 నవంబరు 21న కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది. అది అమలైనన్నాళ్లు లారీ ఆపి 'ఎన్ని గంటలుగా నడుపుతున్నావు' అని అడిగి, దానికి రుజువు చూపమన్న అధికారి ఎక్కడైనా ఉన్నాడా? రవాణా శాఖకు అది కార్మిక శాఖ పని. కార్మిక శాఖ రోడ్డు మీదికి రాదు. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధనను కూడా 2018లో తీసేశారు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు, అది మంచి పనే. ట్రిప్పు లెక్కన డబ్బులిచ్చే పద్ధతి ఉన్నంతకాలం చల్లటి క్యాబిన్‌లో ఇంకో ట్రిప్పు వేయిస్తారేమో! అమెరికాలో ట్రక్కు డ్రైవర్ వరుసగా పది గంటలు విశ్రాంతి తీసుకున్నాక గరిష్ఠంగా 11 గంటలు నడపొచ్చు. చాలా ట్రక్కుల్లో 2017 డిసెంబరు నుంచి దాన్ని ఇంజిన్‌కు కలిపిన పరికరమే నమోదు చేస్తోంది. మన దగ్గర జీపీఎస్ పెట్టిన లారీలు వేలల్లో ఉన్నాయి. బండి ఎక్కడుందో తెలుసుకోవడానికి అవి కావాలి. డ్రైవర్ ఎంతసేపు కూర్చున్నాడో వాటినడిగే తీరిక మాత్రం ఎవరికీ లేదు.

ఇన్నీ ఒకేసారి సరిచేయడం కుదరదని నాకూ తెలుసు. మొదలుపెట్టాల్సింది మాత్రం లోడు ఎక్కే చోటే. గనుల శాఖ, రవాణా శాఖ కలిసి క్రషర్లలో, ఇసుక రీచుల్లో ఉన్న కాటాలను ఆన్‌లైన్‌కు కలపాలి. ఆర్‌సీ మీదున్న బరువు దాటితే పర్మిట్ ప్రింటవ్వకూడదు. రెండోసారి దొరికిన క్రషర్‌కు బండి యజమానితో పాటు నోటీసు వెళ్లాలి, మూడోసారి లీజు మీద చర్య ఉండాలి. స్థానికంగా క్రషర్ యజమానులకు ఉన్న పలుకుబడి తెలిసిన వాళ్లెవరూ ఇది తేలికని అనరు.

అందుకే ఇంకో దారి కూడా చూడాలి. రాష్ట్రంలో తవ్విన కంకరలో పెద్ద వాటా వెళ్లేది ప్రభుత్వం వేయించే రోడ్లకే, కట్టించే భవనాలకే. అంటే ఓవర్‌లోడ్ సరుకుకు పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. కాంట్రాక్టర్ బిల్లు పెట్టినప్పుడు ఏ బండి ఎన్ని టన్నులు తెచ్చిందో కాటా చీటీలు జతచేయాలనీ, ఆర్‌సీ పరిమితి దాటిన ట్రిప్పుకు ఆ అదనపు టన్నుల డబ్బు ఇవ్వబోమనీ ఒక షరతు పెట్టొచ్చు. దానికి అసెంబ్లీలో బిల్లు అక్కర్లేదు, కేంద్రం అనుమతీ అక్కర్లేదు. ఆర్ అండ్ బీ టెండరు పత్రంలో ఒక పేరా చాలు.