‘పుట్’ అను పదమునకు జరిగిన అన్యాయము

మా పక్కింటి మనవడు ఒకటో తరగతి చదువుతున్నాడు. మొన్న సాయంత్రం నాలుగు గీతల కాపీ పుస్తకం పట్టుకుని మా అరుగెక్కి, ఒక గంభీరమైన కుటుంబ తగాదాను నా ముందు పెట్టాడు. పుస్తకంలో పెంకుటిల్లు బొమ్మ ఉంది. ఇంటి కప్పు మీద ‘యు, టి’ అనే రెండక్షరాలు, కిటికీలలో ఆ రెండక్షరాలతో ముగిసే పొట్టి ఇంగ్లీషు మాటలు: బట్, కట్, గట్, హట్, జట్, నట్, రట్. చివరి కిటికీలో వాడు రాసిన ‘పుట్’ మీద మాత్రం ఎర్రసిరాతో ఇంటూ గుర్తు పడింది.

“తాతా, అక్షరాలన్నీ ఒకటే కదా, దీన్ని ఇంట్లోంచి ఎందుకు తగిలీసినారు?” అని అడిగాడు.

విజయనగరంలో ముప్పై ఏళ్లు ఫైళ్లు తిరగేసి రిటైరైనవాణ్ణి కనుక, వచ్చిన అర్జీని విచారణ లేకుండా కొట్టివేయడం నాకు అలవాటు లేదు (ఉన్న అలవాటును అమలు చేసే అధికారం ఇప్పుడు లేదు). అందుచేత ఆ ఇంట్లో కాపురమున్నవారి అర్థాలను ఒక్కొక్కటిగా విచారించాను. తేలినదేమనగా, ఈ కుటుంబం ఇంగ్లీషువారిది కానే కాదు, మనది.

రుజువు వినండి. తెలుగు మాట అచ్చుతో ముగియాలి. అందుకే పరాయి మాట మన గడప దాటగానే దానికొక ఉకారం తగిలిస్తాము. ముందున్నది హ్రస్వమైతే హల్లును ఒత్తి ‘బస్సు’ అంటాము, దీర్ఘమైతే ఒత్తకుండా ‘కారు’ అంటాము. దొరలు ఇదే పనిని తిరగేసి చేశారని నా సిద్ధాంతం. శ్రీకాకుళాన్ని చికాకోల్ అనీ, భీమునిపట్నాన్ని బిమ్లిపటం అనీ నరికి రికార్డులకెక్కించిన చేతులకు, మాట చివరి ఉకారం ఒక లెక్కా?

ఉదాహరణకు, వారి ‘జట్’ అంటే గోడలోనుంచి రాయి పొడుచుకు వచ్చినట్టు ముందుకు రావడం. ఉకారం తిరిగి ఇచ్చేయండి, ‘జట్టు’ అవుతుంది, మన జట్లలో ప్రతివాడూ చేసే పని ముందుకు పొడుచుకు రావడమే. ‘రట్’ అంటే బండిచక్రాలు పదేపదే నడిచి మట్టిలో వేసిన గాడి. ‘రట్టు’ అంటే గుట్టు బయటపడడం, రాత్రి దొంగచాటుగా ఇసుక తోలిన బండిని తెల్లారి పట్టించేది ఆ గాడే కదా. ‘నట్’ అంటే గట్టి పెంకు ఉన్న గింజ. నట్టు అంటే నడిమి, అందుకే పలాస జీడిపప్పు డబ్బాను చుట్టాలు రాగానే నట్టింటికి తెస్తారు. ‘హట్’ అంటే పాక; దాని చివర ఉకారం నిలవలేదు, పాకకు గట్టి పునాది ఉండదు కాబట్టి అది సహజమే. ‘బట్’ అంటే ‘కాని’ అట. కాని, దాని జోలికి నేను పోలేదు.

అసలు సంగతి ‘కట్’ దగ్గర ఉంది. వారికది కోయడం, మనకది కట్టు. ఒకరు కోస్తే మరొకరు కట్టు కట్టడం రెండు భాషల మధ్య ఉన్న పాత ఒప్పందమనుకుని సరిపెట్టుకున్నాను. ఇంతలో తెలిసిందేమంటే, పూర్వం ఇంగ్లాండులో ఈ ఇంటివారందరినీ ‘పుట్’ లాగే ఉకారంతో పలికేవారట. 17వ శతాబ్దంలో దక్షిణాదివారి నోట ఆ ఉకారం అకారంలోకి జారింది. పెదవులతో పలికే పకారం తరువాత ఉండడం వల్ల ‘పుట్’ మాత్రం జారకుండా నిలబడింది. ఉత్తర ఇంగ్లాండులో సామాన్య జనం నేటికీ పాత పద్ధతిలోనే ‘కుట్’ అంటారు. ఉకారం చేర్చండి: కుట్టు! కోత, కుట్టు, కట్టు, మొత్తం ఆపరేషనంతా ఒక్క మాటలో ముగిసింది. వారి ‘గట్’ అంటే పేగు, కడుపు. అదే ఉత్తరాదివారి నోట ‘గుట్’. మన గుట్టు ఉండేది కడుపులోనే కదా.

చూశారా, పాత పలుకుబడిని పదిలంగా కాపాడేది అక్కడా ఉత్తరాదివారే, దాన్ని యాస అని నవ్వేది అక్కడా దక్షిణాదివారే. మన ‘ఏటి’, ‘ఎల్లిపోనాడు’ వినగానే సినిమాహాలులో ఇకిలించేవారు ఈ సంగతి గమనించవలెను. 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు వాడుక భాషలో రాయమన్నందుకు పండితుల చేత మాటలు పడ్డారు. పలికిన దానికీ రాసిన దానికీ పొత్తు లేని ఇంగ్లీషుకు మాత్రం మనం నెలనెలా ఫీజు కడుతున్నాము. (ఈ వ్యాసం గ్రాంథికపు వాసన కొట్టడం నా ఉద్యోగ దోషం.)

కనుక తీర్పు: ‘పుట్’ ఆ ఇంట్లో పరాయిది కాదు, అందరికంటె పెద్దది, తక్కిన పిల్లలు మాట మార్చినా అది మార్చలేదు. ఇంటి పెద్దకు కిటికీ చాలదని, ఆ బొమ్మ ముందు నా చేత్తో ఒక అరుగు గీసి, పడకకుర్చీ వేసి, అందులో ‘పుట్’ను కూర్చోబెట్టి పిల్లవాణ్ణి పంపించాను.

పుస్తకం మరునాడే తిరిగి వచ్చింది. అరుగు మీద, కుర్చీ మీద, ‘పుట్’ మీద మూడు వేర్వేరు ఇంటూలు ఉన్నాయి. కింద ‘బొమ్మ గీసినవారిని సోమవారం వెంటబెట్టుకుని రావలెను’ అని అచ్చమైన గ్రాంథికంలో రాసి ఉంది. ఇస్త్రీకి చొక్కా ఇచ్చాను.