తాంబూలాలు పుచ్చుకున్నంత మాత్రాన పెళ్ళయిపోయినట్టు కాదు

"తాంబూలాలు కూడా అయిపోయాయి కదమ్మా, ఇప్పుడు వద్దంటే ఎలా?" పోయిన వేసవిలో మా పిన్ని ఇంట్లో ఈ మాట కనీసం పదిమంది నోట విన్నాను. అందరూ మా మంచి కోరేవాళ్ళే. అయినా ఆ మాట విన్న ప్రతిసారీ చెల్లి ముఖం ఎలా వాడిపోయేదో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

నిశ్చితార్థం అంటే నాకు చాలా ఇష్టం, ముందే చెప్తున్నా. పెళ్ళిలో హడావిడి ఎక్కువ, ఎవరేం చేస్తున్నారో తెలియదు. నిశ్చయ తాంబూలాల్లో అలా కాదు. రెండు వైపుల పెద్దలూ ఎదురెదురుగా కూర్చుంటారు. పంతులుగారు లగ్నపత్రిక రాసి, నాలుగు అంచులకూ పసుపు రాసి, రెండు వంశాల గోత్రాలూ తాతముత్తాతల పేర్లూ పైకి చదువుతారు. అప్పటిదాకా మాట్లాడుతున్న వాళ్ళంతా ఆ పేర్లు రాగానే గప్‌చుప్‌గా అయిపోతారు. తర్వాత తమలపాకులు, వక్కలు, పళ్ళు ఉన్న పళ్ళెం చేతులు మారుతుంది. అబ్బాయి వైపు ఆడవాళ్ళు అమ్మాయికి బొట్టు పెట్టి, చీర పెట్టి, తలలో పూలు తురుముతారు. తెలంగాణలో చాలా ఇళ్ళలో దీన్నే పూలుపండ్లు అంటారు. ఉంగరాలు మార్చుకోవడం, కేకు కోయడం మా అమ్మమ్మ ఎరగదు. వాళ్ళ కాలంలో నలుగురిలో మాట ఇచ్చి పుచ్చుకోవడమే నిశ్చితార్థం.

ఇప్పుడు ఫంక్షన్ హాలు, స్టేజీ, డ్రోన్ కెమెరా, ఐదొందల మందికి భోజనాలు. చాలా చోట్ల ఖర్చంతా ఆడపిల్ల వాళ్ళదే. ఖర్చు కన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఐదొందల మంది చూశాక వెనక్కి తగ్గాలంటే ఇంట్లో వాళ్ళకి గుండె దడ. వేడుక ఎంత పెద్దదైతే, అమ్మాయికి వద్దనే దారి అంత మూసుకుపోతోంది.

మా చెల్లికి జరిగింది అదే. తాంబూలాలైన వారం నుంచి అబ్బాయి ఫోన్లు మొదలు. ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు, వీడియో కాల్ చెయ్యి, ఫోన్ పాస్‌వర్డ్ చెప్పు. తర్వాత ఉద్యోగం మానెయ్యమన్నాడు. నెల తిరిగేసరికి వాళ్ళ నాన్నగారు బాబాయికి ఫోన్ చేసి, ముందు అనుకున్నదానికి తోడు కారు కూడా ఉంటే బాగుంటుందన్నారు. ఆ రాత్రి చెల్లి ఈ పెళ్ళి వద్దంది. ఇంట్లో అందరి మొదటి మాటా ఒకటే: పెళ్ళయ్యాక అన్నీ సర్దుకుంటాయి.

ఎలా సర్దుకుంటాయి? పెళ్ళికి ముందు, మంచి అనిపించుకోవాల్సిన రోజుల్లోనే ఇలా ఉన్న మనిషి, తర్వాత ఎందుకు మారతాడు? తాంబూలాలకీ ముహూర్తానికీ మధ్య రోజులు ఉన్నది చీరలు కొనడానికి మాత్రమే కాదు, మనిషిని చూసుకోవడానికి కూడా.

శాస్త్రం ఒప్పుకోదని ఒక పెద్దాయన అన్నారు. కన్యను ఒక్కసారే ఇవ్వాలి, ఇచ్చి వెనక్కి తీసుకుంటే దొంగకు వేసే శిక్ష అని యాజ్ఞవల్క్య స్మృతిలో ఉంది, నిజమే. కానీ అదే శ్లోకం రెండో సగంలో, అంతకన్నా మంచి వరుడు వస్తే ఇచ్చిన కన్యనైనా వెనక్కి తీసుకోవచ్చని కూడా ఉంది. మనవాళ్ళు మొదటి సగం దగ్గరే ఆగిపోతారు. పాణిగ్రహణ మంత్రాలు ఏడో అడుగుతోనే పూర్తవుతాయని మనుస్మృతి చెప్తుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా, సప్తపది ఉన్న పెళ్ళిళ్ళలో ఏడో అడుగు పడితేనే పెళ్ళి పూర్తయినట్టు అంటుంది. ఏడడుగులూ పడే దాకా మా చెల్లి ఎవరి భార్యా కాదు.

కారు సంగతికొస్తే, 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం పెళ్ళికి ముందు ఇచ్చినా, ఇస్తామని ఒప్పుకున్నా అది కట్నమే. అడగడమే నేరం, 6 నెలల నుంచి 2 ఏళ్ళ దాకా జైలు. ఇంత తెలిసీ మనం "మర్యాదలు" అని పేరు మార్చి మాట్లాడుకుంటాం.

మాట తప్పడం చిన్న విషయమని నేను అనను. సరదాకి సంబంధం ఖాయం చేసుకుని, ఇంకో పెద్ద సంబంధం రాగానే జారుకునేవాళ్ళ మీద నాకు కోపమే. కానీ ఇక్కడ మాట తప్పింది ఎవరు? పత్రిక చదివినప్పుడు లేని కారు తర్వాత అడిగినవాళ్ళు. అయినా ఊళ్ళో "సంబంధం తప్పిపోయిన పిల్ల" అనే పేరు అమ్మాయికే వచ్చింది. అబ్బాయిని ఎవరూ అలా అనలేదు.

చివరికి బాబాయే ఒప్పుకున్నాడు. పిన్ని దేవుడి గదిలో పసుపు అంచుల లగ్నపత్రికను తీసి మడిచి, వాళ్ళు పెట్టిన చీర, ఉంగరం దగ్గర పెట్టింది. మర్నాడు పొద్దున్నే బాబాయి అవన్నీ ఒక సంచిలో పెట్టుకుని, తనే స్వయంగా వెళ్ళి వాళ్ళింట్లో ఇచ్చి వచ్చాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. చెల్లి మాత్రం, దాదాపు నలభై రోజుల తర్వాత, మారు అన్నం అడిగి పెట్టించుకుంది.